హోలోగ్రామ్ కింద ఉన్న కీ ఇంకెవరి దగ్గరుంది? లోహపు బిట్‌కాయిన్ నాణెం కొనేముందు, నింపేముందు, ఒలిచేముందు

లోహపు బిట్‌కాయిన్ నాణెంలో అసలు విలువ లోహానిది కాదు, హోలోగ్రామ్ స్టిక్కర్ కింద దాచిన చిన్న కాగితం ముక్కది. దాని మీద ప్రైవేట్ కీ ముద్రించి ఉంటుంది. ఆ కీ ఎవరికి తెలిస్తే, దానికి జతగా ఉండే అడ్రస్ (ఖాతా నంబరు లాంటిది)లోని బిట్‌కాయిన్లు వాళ్లవే. స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంటే, అతికించిన తర్వాత ఎవరూ చూడలేదని చెప్పుకోవచ్చు. అతికించక ముందు సంగతేమిటి? కీని పుట్టించినవాళ్లు, ప్రింట్ తీసినవాళ్లు, కత్తిరించి నాణెంలో పెట్టినవాళ్లు ఉన్నారు. హోలోగ్రామ్ వాళ్లనేమీ ఆపదు.

ఇక్కడొక చిక్కుంది. కీ సరైనదేనని నిరూపించవచ్చు. ఇప్పటిదాకా ఎవరూ వాడలేదని కూడా నిరూపించవచ్చు. తయారీదారు తన దగ్గర కాపీ ఉంచుకోలేదని మాత్రం ఏ పరీక్షా నిరూపించలేదు. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ హద్దు లోపలివే. ఒక్క రెండు తాళాల పద్ధతి మాత్రమే దాన్ని దాటుతుంది, అందుకే దాని గురించి వివరంగా రాస్తున్నాం.

ముందు చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోండి

బంగారు పూత, మధ్యలో పెద్ద బి అక్షరం, స్టిక్కర్ లేదు: అది జ్ఞాపిక. కీ లేదు, బిట్‌కాయిన్ లేదు. దాని మీద 1 బిట్‌కాయిన్ అని చెక్కి ఉన్నా అంతే.

కీ ఉన్న నాణేల్లో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది తయారీదారే బిట్‌కాయిన్ వేసి అమ్మేది. 2011లో అమెరికాలో మైక్ కాల్డ్‌వెల్ మొదలుపెట్టిన కాసాషియస్ నాణేలు ఈ రకానికి పెద్ద ఉదాహరణ. కీలను నెట్‌కు కలపని కంప్యూటర్లో పుట్టించి, ముద్రించాక చెరిపేస్తానని ఆయన చెప్పేవారు. కొన్నవాళ్లకు ఉన్న ఆధారం ఆ మాటే. నింపిన నాణేలు అమ్మడం డబ్బు బదిలీ వ్యాపారం కిందికి వస్తుందని అమెరికా ఆర్థిక నేరాల నిఘా సంస్థ ఫిన్‌సెన్ చెప్పడంతో 2013 నవంబరులో ఆయన ఆ అమ్మకాలు ఆపేశారు.

రెండో రకం ఖాళీ నాణెం. కొనుక్కున్నవాళ్లే దాని అడ్రస్‌కు బిట్‌కాయిన్ పంపుకోవాలి. తయారీదారుకు చట్టపరంగా ఇది సుఖం. మీకు మాత్రం ఇదే ఎక్కువ ప్రమాదం. నింపి అమ్మేవాడు తన డబ్బు ముందు పెట్టాడు. ఖాళీది అమ్మేవాడు పెట్టింది లోహం, స్టిక్కర్ ఖర్చు మాత్రమే. కాపీ దాచుకున్నవాడు మొదటి నాణెం నిండగానే దోచుకోడు, ఎందుకంటే అక్కడితో పేరు పోతుంది. బ్యాచ్ మొత్తం నిండేదాకా, ధర పెరిగేదాకా ఓపిక పడతాడు. కాబట్టి ఇన్నేళ్లుగా ఒక్క ఫిర్యాదూ లేదన్న మాటకు ఈ వ్యాపారంలో పెద్ద బరువు లేదు.

తయారీదారును ఏమడగాలి, జవాబులో ఏం వినాలి

మొదటి ప్రశ్న కాస్త తెలివిగా వేయాలి: "స్టిక్కర్ ఒలిచాక కీ చదవలేకపోతే ఏం చేయాలి?" మాకు రాయండి, చూసి చెబుతాం అన్నారంటే కీలు వాళ్ల దగ్గర ఉన్నట్టే. చిరిగిన స్టిక్కర్ పంపితే అదే అడ్రస్‌తో కొత్తది వేసిస్తాం అన్నా అదే అర్థం. "మేమేమీ చేయలేం, ఆ నాణెం పోయినట్టే" అన్నది చేదుగా ఉన్నా మంచి జవాబు.

తర్వాత కీలు ఏ ప్రోగ్రామ్‌తో, ఏ వెర్షన్‌తో పుట్టించారో అడగండి. దొంగబుద్ధి లేనివాడి చేతిలో కూడా బలహీనమైన కీలు పుడతాయి. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ యాదృచ్ఛిక సంఖ్యల లోపం వల్ల కొన్ని వాలెట్లలోంచి (కీలను దాచి వాడే ప్రోగ్రామ్‌లు) బిట్‌కాయిన్లు పోయాయి. 2023లో బయటపడిన లిబ్‌బిట్‌కాయిన్ ప్రోగ్రామ్ లోపంలో సీడ్ (కీలు పుట్టే మూల సంఖ్య) బలం 32 బిట్లే, మామూలు కంప్యూటర్ కూడా వెతికి పట్టుకోగలిగినంత చిన్నది. తయారీదారు పేరు కనిపించేలా మలిచిన అడ్రస్‌లుంటే ఇంకాస్త జాగ్రత్త. ఇథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్‌లో అలాంటి ముచ్చటైన అడ్రస్‌లు చేసిపెట్టే ప్రొఫానిటీ అనే పనిముట్టులోనూ ఇదే 32 బిట్ల లోపం ఉంది. 2022 సెప్టెంబరులో వింటర్‌మ్యూట్ అనే క్రిప్టో ట్రేడింగ్ సంస్థ సుమారు 16 కోట్ల డాలర్లు పోగొట్టుకోవడానికి దారితీసింది అదేనని పరిశోధకులు తేల్చారు.

మూడోది ప్రింటర్. కంప్యూటర్‌ను నెట్ నుంచి విడదీశామని అందరూ చెబుతారు, ప్రింటర్ ఊసెత్తేవాళ్లు తక్కువ. ఆఫీసు లేజర్ ప్రింటర్లలో చాలావాటికి సొంత మెమొరీ, కొన్నిటికి హార్డ్ డిస్క్ ఉంటాయి. ముద్రించాల్సిన పేజీలు స్పూల్ ఫైలుగా కంప్యూటర్లోనూ మిగులుతాయి. కీలున్న ఫైలును లేబుళ్లు వేసే బయటి కంపెనీకి పంపించి చేయించారంటే ఆ నాణెం జోలికి పోకండి. నెట్ లేని, వై-ఫై లేని, డిస్క్ లేని ప్రింటర్, పెన్‌డ్రైవ్ మీంచి నడిచే లైవ్ ఆపరేటింగ్ సిస్టమ్, పని అయ్యాక పెన్‌డ్రైవ్ ధ్వంసం: ఇంత వివరంగా చెప్పగలిగితే కనీసం ఆలోచించి చేశారని తెలుస్తుంది. నిజంగా అలాగే చేశారా అన్నది వేరే సంగతి.

చివరిగా అడ్రస్‌ల జాబితా. నాణెం మీద స్థలం చాలక కొందరు అడ్రస్‌లోని మొదటి కొన్ని అక్షరాలే చూపిస్తారు. కాసాషియస్‌లో స్టిక్కర్‌లోని చిన్న కిటికీలోంచి 8 కనిపిస్తాయి. పూర్తి అడ్రస్‌కు తయారీదారు ప్రచురించిన జాబితా చూడాలి. ఆ జాబితాకు పీజీపీ సంతకం (ఎవరు రాశారో తేల్చే డిజిటల్ సంతకం) ఉండాలి, కొన్నరోజే దాన్ని దించుకుని దాచుకోవాలి. సైట్ హ్యాక్ అయి జాబితాలో ఒక్క అడ్రస్ మారినా మీరు నింపేది వేరొకరి వాలెట్‌ను.

బ్లాక్‌చెయిన్ మీద చేయాల్సిన పరీక్షలు

అడ్రస్‌ను బ్లాక్ ఎక్స్‌ప్లోరర్లో (లావాదేవీలు చూపించే వెబ్‌సైట్) వెతకండి. ఖాళీ నాణెమైతే ఇంతకుముందు ఒక్క లావాదేవీ కూడా ఉండకూడదు. ఉంటే అదే కీ రెండు నాణేల మీద పడి ఉండొచ్చు, లేదా ఎవరో ముందే వాడి ఉండొచ్చు. నిండిన నాణెమైతే లోపలికి వచ్చినవి ఉండవచ్చు, బయటికి పోయినది ఒక్కటీ ఉండకూడదు. స్టిక్కర్ అలాగే ఉండి, అడ్రస్‌లోంచి ఎంత చిన్న మొత్తమైనా కదిలిందంటే కీ బయట ఉంది.

పాత నాణేలకు ఇంకో మంచి పరీక్ష ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. 2017 ఆగస్టు 1న, 478558వ బ్లాక్ తర్వాత, బిట్‌కాయిన్ నుంచి బిట్‌కాయిన్ క్యాష్ (బీసీహెచ్) అనే వేరే క్రిప్టో చీలింది. అప్పటికి నిండి ఉన్న ప్రతి అడ్రస్‌కూ అంతే మొత్తంలో బీసీహెచ్ వచ్చింది, అదే కీతో. దొంగ బిట్‌కాయిన్ ముట్టుకుంటే యజమాని వెంటనే గమనిస్తాడు. బీసీహెచ్ వైపు ఎవరూ చూడరు. అందుకే అదే అడ్రస్‌ను బీసీహెచ్ ఎక్స్‌ప్లోరర్లో కూడా వెతకండి. 1తో మొదలయ్యే పాత తరహా అడ్రస్‌ను చాలా ఎక్స్‌ప్లోరర్లు అలాగే తీసుకుంటాయి, లేదంటే బీసీహెచ్ వాడే క్యాష్‌అడ్రస్ రూపంలోకి మార్చి ఇవ్వాలి. బిట్‌కాయిన్ కదలకుండా, స్టిక్కర్ ఒలవకుండా, బీసీహెచ్ మాత్రం పోయి ఉంటే ఆ కీ మీ ఒక్కరిది కాదు. బీసీహెచ్ అక్కడే ఉంటే తయారీదారు నిర్దోషి అని కాదు, ఇంకా వాడలేదని మాత్రమే.

మీ నాణెం ఒక్కటే చూసి ఊరుకోకండి. అదే బ్యాచ్‌లోని మిగతా అడ్రస్‌లన్నిటినీ ఎలక్ట్రమ్ వాలెట్లో చూడటానికి మాత్రమే పనికొచ్చేలా చేర్చుకోవచ్చు, దానికి ప్రైవేట్ కీ అక్కర్లేదు. కొద్ది గంటల్లో పలు నాణేలు ఒకే అడ్రస్‌కు ఖాళీ అయ్యాయంటే ఆలోచించకుండా మీది ఒలిచి, బిట్‌కాయిన్‌ను కొత్త అడ్రస్‌కు తరలించాలి. సేకరణ విలువ గురించి బాధపడే సమయం కాదది. బ్యాంకు లాకర్లో పెట్టినవాళ్లు ఈ పరుగులో ఓడిపోతారు.

నాలుగైదు నాణేలు కొని, ఒకదాన్ని మీరే ఎంచుకుని ఒలిచి చూడటం కూడా పనికొస్తుంది. కీ చదవగలిగేలా ఉందా, దానిలోంచి వచ్చే అడ్రస్ బయటిదానితో సరిపోతుందా అన్నవి తేలతాయి. ముద్రణలో వరస తప్పి ఒక నాణెం కాగితం ఇంకోదాంట్లో పడితే దొంగతనం లేకుండానే రెండూ పోతాయి. దీన్ని పట్టుకునే మార్గం ఇదొక్కటే.

హోలోగ్రామ్, లోహం

2013లో డెఫ్‌కాన్ హ్యాకర్ల సమావేశంలో కాసాషియస్ స్టిక్కర్‌ను సిరంజితో ద్రావకం ఎక్కించి లేపి, మళ్లీ అతికించి చూపించారు. కాబట్టి చేతులు మారిన నాణెం కొంటుంటే 10 రెట్లు పెద్దది చేసే భూతద్దంతో స్టిక్కర్ అంచు చుట్టూ చూడండి: జిగురు చారలు, పైకి లేచిన అంచు, రంగు వెలిసిన మచ్చ, కిటికీ అక్షరాలు పక్కకు జరగడం. తేనెపట్టు గళ్ల నమూనా కనిపిస్తే ఒకసారి లేపిన స్టిక్కరే. తెలియని కళ్లకు పొరపాటులా కనిపించేది అసలుది కావడమూ ఉంది: కాసాషియస్ మొదటి సిరీస్ హోలోగ్రామ్‌లో పేరులోని ఒక ఎస్ అక్షరం తప్పిపోయింది, అసలు నాణేలు అలాగే ఉంటాయి. గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో ఉందన్న ధైర్యం వద్దు. వాళ్లు చూసేది నాణెం స్థితి, కీని కాదు.

వెండి అంటే ఒక ట్రాయ్ ఔన్స్ 31.1 గ్రాములు, సాంద్రత 10.49. త్రాసు, వెర్నియర్ చాలు. స్టిక్కర్ ఉన్న నాణేన్ని నీళ్లలో ముంచి తూచకండి.

రెండు తాళాల పద్ధతి

తయారీదారుకు కీ మొదటినుంచీ తెలియకుండా చేయించుకోవచ్చు. బీఐపీ-38 అనే బిట్‌కాయిన్ ప్రతిపాదనలో ఇందుకోసమే ఒక పద్ధతి ఉంది, ఆ ప్రతిపాదన రాసినవారిలో కాల్డ్‌వెల్ ఒకరు. ఆర్డర్ ఇచ్చేముందు తయారీదారు దీన్ని ఒప్పుకుంటారో లేదో అడగండి.

1. పాచికలు వేసి 6 లేదా 7 పదాల పాస్‌ఫ్రేజ్ ఎంచుకోండి. నెట్ లేని కంప్యూటర్లో, కాల్డ్‌వెల్ రాసిన బిట్‌కాయిన్ అడ్రస్ యుటిలిటీ వంటి ప్రోగ్రామ్‌తో దాన్నుంచి ఇంటర్మీడియట్ కోడ్ తీయండి. అది పాస్‌ఫ్రేజ్ అనే ఇంగ్లిషు మాటతోనే మొదలవుతుంది.
2. ఆ కోడ్ ఒక్కటే తయారీదారుకు పంపండి. పాస్‌ఫ్రేజ్ పంపకూడదు.
3. వాళ్లు దాన్నుంచి తాళం వేసిన కీని పుట్టించి స్టిక్కర్ కింద పెడతారు. అది 58 అక్షరాలుంటుంది, 6పీతో మొదలవుతుంది. మీకు అడ్రస్, సీఎఫ్‌ఆర్‌ఎం38 అని మొదలయ్యే కన్ఫర్మేషన్ కోడ్ ఇస్తారు.
4. మీ పాస్‌ఫ్రేజ్‌తో కన్ఫర్మేషన్ కోడ్‌ను మళ్లీ నెట్ లేని కంప్యూటర్లోనే సరిచూడండి. అందులోంచి వచ్చే అడ్రస్, నాణెం మీది అడ్రస్ ఒక్కటే కావాలి.
5. సరిపోయాకే బిట్‌కాయిన్ పంపండి.

నాలుగో మెట్టు వదిలేస్తే ఇదంతా దండగ. తయారీదారు మీ కోడ్ పక్కన పడేసి తన సొంత అడ్రస్ ముద్రించినా మీకు తెలియదు. పాస్‌ఫ్రేజ్ బలంగా ఉండాలనడానికీ కారణముంది: మిగతా సగం తయారీదారుకు తెలుసు, కాబట్టి మీ పదాలను ఊహిస్తూ కూర్చోగలరు. స్క్రిప్ట్ (scrypt) అనే లెక్క ఆ పనిని నెమ్మదిస్తుందే తప్ప ఆపదు. కన్ఫర్మేషన్ కోడ్ ఇంకోటి కూడా చెప్పదు, స్టిక్కర్ కింద పెట్టిన 6పీ కీ సరైనదేనా అని. తప్పు కాగితం పడితే దొంగ ఎత్తుకుపోడు గానీ మీకూ దక్కదు. అమ్మాలనుకుంటే పాస్‌ఫ్రేజ్ కొనేవాళ్లకు చెప్పాలి, ఇక తయారీదారు, మీరు కుమ్మక్కు కారని వాళ్లు నమ్మాలి.

నాణెం రూపం మీద మోజు లేకపోతే కీ చిప్‌లోనే పుట్టే ఓపెన్‌డైమ్, శాట్స్‌కార్డ్ వంటివి చూడండి. కీ తయారీలో మీరిచ్చే యాదృచ్ఛిక డేటా కూడా కలుస్తుంది. అక్కడ నమ్మాల్సింది చిప్‌లోని ప్రోగ్రామ్‌ను.

ఒలిచేటప్పుడు

కొత్త వాలెట్, దాని బ్యాకప్ ముందే సిద్ధం చేసుకోండి. ఫోన్ కెమెరాతో కీ ఫొటో తీయకండి, అది క్లౌడ్‌కు ఎక్కిపోతుంది. కాసాషియస్ కాగితం మీద ఉండేది మినీ కీ: ఎస్ అక్షరంతో మొదలవుతుంది, మొదటి సిరీస్‌లో 22, తర్వాతివాటిలో 30 అక్షరాలు. సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ అందులో ఉండవు, కాబట్టి అలా కనిపించినదాన్ని మళ్లీ చూడండి. సరిగా టైప్ చేశారో లేదో తేల్చడానికి కీ చివర ప్రశ్నార్థకం చేర్చి ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ లెక్క తీస్తే ఫలితం 00తో మొదలవ్వాలి.

ఇక్కడ చాలామంది కంగారుపడే సందర్భం ఒకటుంది. మినీ కీని చేత్తో ప్రైవేట్ కీగా మార్చి ఏదో వాలెట్లో పెడితే నిల్వ సున్నా చూపిస్తుంది. డబ్బు పోలేదు, వాలెట్ కంప్రెస్డ్ అనే కొత్త పద్ధతిలో వేరే అడ్రస్ లెక్కగట్టింది. ఈ నాణేలవి పాత, అన్‌కంప్రెస్డ్ పద్ధతి అడ్రస్‌లు, కీని 5తో మొదలయ్యే రూపంలో ఇవ్వాలి. ఎలక్ట్రమ్‌లో స్వీప్ ఎంచుకుని మినీ కీనే ఇస్తే ఆ లెక్క అదే చూసుకుంటుంది. ఇంపోర్ట్ (కీని వాలెట్లో చేర్చుకోవడం) కాదు, స్వీప్ (మొత్తాన్ని కొత్త అడ్రస్‌కు పంపేయడం) చేయాలి, మొత్తం ఒకేసారి కదలాలి. 2017 ఆగస్టుకు ముందు నింపిన నాణెమైతే బిట్‌కాయిన్ బదిలీకి కొన్ని కన్ఫర్మేషన్లు (నెట్‌వర్క్ నిర్ధారణలు) పడేదాకా ఆగి, ఆ తర్వాతే అదే కీని బీసీహెచ్ వాలెట్‌కు ఇవ్వండి. వరస తిరగేస్తే, అంతగా తెలియని ఒక వాలెట్ ప్రోగ్రామ్ చేతిలో ఇంకా బిట్‌కాయిన్ నిండి ఉన్న కీని పెట్టినట్టవుతుంది.