బ్యాక్‌స్టోరీ మస్తుగుంది, క్యారెక్టర్ మాత్రం పది గంటలకే సస్తుండు: ఏడ చూడాలె

రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లల్ల మన క్యారెక్టర్‌కు ఆట ముందటి కథ, అంటే బ్యాక్‌స్టోరీ, మనమే రాసుకుంటం గద. అన్నా నాలుగు పేజీల కథ రాసుకున్న, మూడో రోజుకే బోర్ కొట్టింది, మళ్ల కొత్త క్యారెక్టర్ చేస్తున్న అని ఎవడో ఒకడు అడుగుతనే ఉంటడు. ముఖం మార్చే స్లైడర్లు, క్లాస్ (ఫైటర్, పాలడిన్ అసొంటి కొట్లాట తీరు), స్టాట్స్ (బలం, తెలివి అసొంటి అంకెలు) మీకొచ్చు, అవి చెప్ప.

సమస్య: మొదటి గంటలనే కథ ఆటకు అతకది

ఆట మొదలు చూడకుండ రాసుడే కారణం, చెప్పి చెప్పి నోరు నొస్తుంది. స్కైరిమ్‌ల నువ్వు చేతులు కట్టేసిన ఖైదీవి, తల నరకనీకి బండ్ల హెల్గెన్‌కు తీస్కపోతుంటరు. బాల్డర్స్ గేట్ 3ల మెదడుల పురుగు పెట్టించుకోని ఎగిరే ఓడల లేస్తవు. ఫాల్అవుట్ 4 అయితే పెండ్లి, కొడుకు, ఆఖరికి గొంతు గూడ ఆటనే ఇచ్చేస్తది, అండ్ల అనాథ సన్యాసి కథ పెడ్తనంటే ఎట్ల కుదురుతది తమ్మీ? ముందు గంట ఆడు, తర్వాత రాయి. గంటనే.

సమస్య: కథల శూరుడు, ఆటల ఎలుక కొరికితే సస్తడు

లెవెల్ 1 అంటే లెవెల్ 1ఏ, అన్నిటికన్న కింది మెట్టు. వయసన్న తగ్గించు, లేకుంటే పదేండ్లు కత్తి ముట్టలేదని రాస్కో. అయిపాయె.

సమస్య: 10-15 గంటలు మంచిగ నడిచి, తర్వాత ఎవడో తెల్వనోన్ని ఆడిస్తున్నట్టు అనిపిస్తది

నన్ను ఆగం చేసింది గిదే. మాది వరంగల్, 1323ల ఓరుగల్లు కోట ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిల పడ్డ సంగతి చిన్నప్పటి సంది వింటనే ఉన్న, దాన్నే జర మార్చి బాల్డర్స్ గేట్ 3ల ఒక ఫైటర్‌ని చేసిన, కూలిన కోట కావలోడు, సోల్జర్ బ్యాక్‌గ్రౌండ్ (ఆటల ఎంచుకునే పాత వృత్తి), ఆ రాత్రి తప్పిపోయిన చెల్లెను దేవులాడుకుంట తిరుగుతుంటడు. రాస్తుంటే నాకే కండ్లళ్ల నీళ్లొచ్చినయి. మొదట్ల ప్రతి శవం కాడ ఆగి ఈమె కాదు అనుకునేటోన్ని, పది గంటలైనంక చెల్లె యాదికే లేదు. అప్పుడు నేనేమనుకున్ననంటే క్లాసే తప్పైందని, క్యాంపుల క్లాస్ మార్చే విదర్స్‌కు 100 గోల్డ్ ఇచ్చి పాలడిన్ చేసిన, అదీ బోరే, గొంతు మార్చి మళ్ల మొదటి సంది, గిట్ల నాలుగుసార్లు. దొంగ కారణమంటే ఇదే, పైకి క్లాస్ బోర్ కొట్టినట్టే కనవడ్తది.

అసలు సంగతేందంటే, ఆ చెల్లె ఆటల లేదు. ఎన్నడు రాదు, ఆట చేసినోళ్లకు నా చెల్లె సంగతి ఏం ఎరుక? ఆటల లేని మనిషి కోసం బతికేటోడు ఆటల ఏం చేస్తడు? బ్యాక్‌గ్రౌండ్‌కు తగ్గ పని చేస్తే ఆట ఇన్‌స్పిరేషన్ (పాచిక మళ్ల ఏసుకునే ఛాన్సు) ఇస్తది, 4 దాక జమైతయి, కాని అది సోల్జర్‌కు ఇచ్చేది, నీ కథకు కాదు.

పరిష్కారం: పోయిన మనిషిని తీసి, వాడు చేసిన పనిని పెట్టు. నేను ఒక్క లైను మార్చిన: బయట ఎవరో బతిమిలాడితే ఆ రాత్రి కోట దర్వాజ తీసింది వీడే. ఇగ సూడు. గ్రోవ్ (డ్రూయిడ్ల అడివి స్థావరం) కాడికి పోంగనే ఆరడిన్ అనేటోని మనుషులు గేటు తియ్యుమని మొత్తుకుంటుంటరు, పైన లోపలోళ్ల పెద్ద జెవ్లోర్ ఎంటనే తియ్యడు, ఎనుక గాబ్లిన్లు. నా ఫైటర్ జెవ్లోర్ దిక్కే, అక్కడ నా చెయ్యి నిజంగనే ఆగింది. తర్వాత బోనుల లేజెల్ అనే యోధురాలు, జైల్ల సాజా అనే గాబ్లిన్, అందరు తలుపు తియ్యుమనేటోళ్లే. ఆటల తలుపులకు కొదువ లేదు, గంటకోసారన్న కథ గుచ్చుతది. లంచమో, అబద్ధమో, ఖైదీలో, నీ ఆటల ఊకె ఏది ఎదురైతదో దానికి ముడెయ్యి.

చెక్ చేసుడు అల్కనే. ఆఖరు ఐదు మాటల సీన్లు యాది తెచ్చుకో, కథ లేకపోతే వేరే జవాబు ఇచ్చేవా? రెండింట్లనన్న అవును అంటే బరాబరున్నది. ఒక్కటి గూడ లేదంటే నీ కథల ఎవరో చెల్లె ఉన్నట్టే, ఎతుకు.

మిగిలినయి

మోడ్‌ల (ఆటకు బయటోళ్లు చేసిన మార్పులు) లొల్లితోని కథ కరాబైందని ఒకరిద్దరు అంటరు, మోడ్‌లు తీసేసి చూడుండ్రి, వందల ఒకరికి. ముఖం నచ్చకనే ఆపిన అనేటోళ్లకైతే బాల్డర్స్ గేట్ 3 క్యాంపుల మ్యాజిక్ అద్దం ఉన్నది, పోయి మార్చుకోరాదు, దానికి కొత్త సేవ్ ఎందుకు?