పై అంతస్తు వేడి: మూడో పాఠం, శ్లాబుకు సున్నం

గత వారం ఇచ్చిన పని పూర్తి చేసే ఉంటారు. కింద హాల్లో ఒక థర్మామీటరు, పైన పడకగదిలో ఒకటి, నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టి, మధ్యాహ్నం 3 గంటలకూ రాత్రి 9 గంటలకూ రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. పైకీ కిందకీ తేడా మధ్యాహ్నం కంటే రాత్రి పెరిగిందంటే కారణం శ్లాబే. మధ్యాహ్నమే ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గిపోతే ముందు కిటికీలను అనుమానించాలి. వాటి సంగతి ఐదో పాఠంలో చూద్దాం. హైదరాబాద్‌లో సైనిక్‌పురి, వనస్థలిపురం లాంటి చోట్ల మనం కట్టుకున్న జి ప్లస్ వన్ ఇళ్లలో, అంటే కింద ఒకటి పైన ఒకటి అంతస్తులున్న ఇళ్లలో, చాలావాటికి మొదటిదే వర్తిస్తుంది.

రాత్రి 9 గంటలకు పై గదిలో ఫ్యాను ఆపండి. రెక్కలు పూర్తిగా ఆగాక గట్టి స్టూలు ఎక్కి, అరచెయ్యి పైకప్పుకు ఆనించండి. అప్పుడే టీ తాగి పెట్టిన గ్లాసులా వెచ్చగా తగులుతుంది. తర్వాత కింది హాల్లో కప్పునూ అలాగే తాకి చూడండి. అది అంత వెచ్చగా ఉండదు, ఎందుకంటే దాని మీద ఎండ లేదు, మీ పడకగది ఉంది.

ఐదంగుళాల కాంక్రీటు పొద్దంతా ఎండను తాగి, ఆ వేడిని కింది ముఖానికి చేర్చడానికి కొన్ని గంటలు తీసుకుంటుంది. బయట గాలి చల్లబడే వేళకు మన నెత్తిన కుంపటి రాజుకుంటుంది. ఫ్యాను వేస్తే కప్పు దగ్గరి వేడి గాలే కిందికి వస్తుంది. ఏసీ పెద్దది కొంటే చల్లదనం రావచ్చు గానీ, రాత్రంతా అది ఆ శ్లాబుతో పోరాడుతూనే ఉంటుంది, బిల్లు మీరు కడుతూనే ఉంటారు. అందుకే ఏసీ దుకాణానికి వెళ్లేముందు డాబా ఎక్కమంటాను.

చాలామంది సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లుతారు. చల్లబడే మాట నిజమే, కానీ మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఆ పని చేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఎండ లోపలికి దిగకముందే తిప్పి కొట్టాలి. దానికి తెలుపు రంగు చాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న సూత్రమూ ఇదే.

కూల్ రూఫ్ పెయింటుకు ఖర్చు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. మనం సున్నంతో మొదలుపెడదాం. రాతి సున్నం నీళ్లలో పడితే సలసల కాగుతుంది, కంట్లో పడితే ప్రమాదం. కాబట్టి విరిసిన పొడి సున్నమే తెచ్చుకోండి, కళ్లకు రక్షణ అద్దాలూ చేతి తొడుగులూ లేకుండా ముట్టుకోవద్దు. రాత్రి నానబెట్టి, మర్నాడు బట్టలో వడకట్టి, కాస్త జిగురు కలిపి, పలుచని మజ్జిగలా చేసుకోవాలి. డాబాను చీపురుతో ఊడ్చి, పాచి గీకి, పగుళ్లు పూడ్చి, కడిగాకే సున్నం. దుమ్ము మీద పూస్తే పొరలుగా లేచిపోతుంది, ఇక్కడ తొందరపడకండి. ఎండ దిగాక తడి నేల మీద ఒక పూత, అది ఆరాక అడ్డంగా రెండో పూత. వానలకు ఇది కరుగుతుంది, ఏటా ఉగాదికి ముందు మళ్లీ వేసుకోవాలి. మధ్యలో దుమ్ము పట్టి మాసినా తెలుపు పని చేయదు, అప్పుడప్పుడు ఊడవాలి.

ఈ వారం డాబా అంతా వేయవద్దు. పడకగదికి పైన, పిట్టగోడ నుంచి కొలుచుకుని, ఆరడుగుల చదరం మాత్రమే వేయండి. బాగా ఆరాక, ఎండ కాసే రోజున 2 గంటలకు పైకి వెళ్లి, ముందు తెలుపు మీద, తర్వాత పక్కనున్న బూడిదరంగు సిమెంటు మీద చెయ్యి ఆనించి చూడండి, రెండోదాని మీద ఎక్కువసేపు ఉంచలేరు. అదే రాత్రి 9 గంటలకు గదిలో ఫ్యాను ఆపి, కొలత ప్రకారం ఆ చదరం నడిమధ్యకు కింద ఒకసారి, దూరంగా మరోసారి కప్పును తాకి, తేడా రాసుకోండి. వచ్చే వారం ఆ కాగితంతోనే మెట్ల గది తలుపు దగ్గరికి వెళ్దాం.