పాత బుల్లెట్ 350కి నాలుగు వాల్వుల హెడ్డు: ముందు గాలికి దారి, ఆ తర్వాతే వాల్వులు

సిలిండర్ మీద మూతలా కూర్చునే హెడ్డును నాలుగు వాల్వులతో చేశానని చెబితే అందరూ మొదట అడిగేది ఇన్‌లెట్ వాల్వు ఎంత సైజు పెట్టావని. నేనూ అక్కడే మొదలుపెట్టాను. మొదటి హెడ్డు పాడయ్యాక గానీ అసలు సంగతి తెలియలేదు. గాలితో చల్లబడే ఇంజన్‌లో ముందు ఆలోచించాల్సింది రెండు ఎగ్జాస్ట్ సీట్ల (పొగ బయటికి పోయే వాల్వులు ఆనే రింగుల) మధ్య వంతెనలా మిగిలే అయిదు మిల్లీమీటర్ల అల్యూమినియం గురించి. నీళ్ల ఇంజన్‌లో అక్కడికి నీళ్లు తీసుకెళ్లొచ్చు. మనకున్నది గాలి ఒక్కటే. అది అక్కడిదాకా ఎలా వెళ్తుందో గీసుకున్నాకే మిగతా డ్రాయింగ్ వేయండి.

నా బండి ఇనుప బ్యారెల్ ఉన్న పాత బుల్లెట్ 350. బోరు 70, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న లేత్ షెడ్డు ఉంది కాబట్టి లేతూ, పాత మిల్లింగ్ మిషనూ అందుబాటులో ఉన్నాయి. మీకు లేకపోయినా పర్వాలేదు, గంటల లెక్కన చేసిపెట్టే షాపులు ఆటోనగర్‌లోనూ హైదరాబాద్ బాలానగర్‌లోనూ ఉంటాయి. డయల్ గేజు, బోర్ గేజు, మైక్రోమీటరు మాత్రం సొంతానివి ఉండాలి. ఎవరు కోసిచ్చినా కొలత మీరే తీసుకోవాలి. వింటేజ్ క్లాసు రేసుల్లో పరిగెత్తించే ఉద్దేశం ఉంటే ఆ క్లాసు నిబంధనలు ఇప్పుడే చదవండి. కొన్నింటిలో ఆ కాలపు హెడ్డు తప్ప ఇంకేదీ ఒప్పుకోరు.

లాభం ఎక్కడుందో ముందు లెక్క వేసుకోండి. 38 మి.మీ. ఇన్‌లెట్ వాల్వు ఒకటి 4 మి.మీ. లేచిందనుకుందాం. దాని అంచు చుట్టూ తెరుచుకునే సందు 478 చదరపు మి.మీ. అదే ఎత్తుకి 26 మి.మీ. వాల్వులు రెండు లేస్తే 653. అంటే 37 శాతం ఎక్కువ. కానీ 8 మి.మీ. దాకా లేపితే ఈ తేడా కరిగిపోతుంది. పెద్ద వాల్వు సందు 955కి వస్తుంది, చిన్నవాటికి సందు 1307 ఉన్నా వాటి నోళ్ల వైశాల్యమే 1062, అంతకు మించి దారి లేదు. కాబట్టి లాభమంతా వాల్వు లేవడం మొదలైనప్పటి నుంచి సగం ఎత్తు దాకానే. దీన్నిబట్టి నేనొక నిర్ణయానికి వచ్చాను. వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసింగ్ క్యామ్ అక్కర్లేదు, ఆర్‌పీఎం పెంచాల్సిన పనీ లేదు. 90 స్ట్రోకుతో 6000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 18 మీటర్లు. కింద కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే బిగ్ ఎండ్‌లో ఉన్నది ఫ్లోటింగ్ బుష్. అంత వేగం దానికి నేను పెట్టను. నా హద్దు 5500.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లోని రడ్జ్ కంపెనీ 1924లోనే నాలుగు వాల్వుల సింగిల్ సిలిండర్ బండి తెచ్చింది. 1930లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగిన జూనియర్ టీటీ బైక్ రేసులో వాళ్ల 350లు మొదటి మూడు స్థానాలూ పట్టాయి. ఆ ఇంజన్‌లో నాలుగు వాల్వులూ నాలుగు దిక్కులకు వంగి, గుండ్రటి గది మధ్యకు చూస్తుంటాయి. అదే ఏడాది సీనియర్ టీటీని వాల్టర్ హ్యాండ్లీ రడ్జ్ 500 మీద గెలిచాడు. అందులో వాల్వులు జంటలుగా, సమాంతరంగా ఉంటాయి. రెండూ గెలిచిన పద్ధతులే. కానీ మొదటిదానికి రాకరు (వాల్వును నొక్కే చేయి) మీద రాకరు కావాలి, వాల్వు కాడలు జారే గైడ్లు కోణాల్లో కోయాలి. సొంత షెడ్డులో చేసేవాళ్లకు రెండో పద్ధతే సరైనదని నా గట్టి అభిప్రాయం. బ్రిస్టల్ జూపిటర్ విమాన ఇంజన్‌లోనూ గాలితో చల్లబడే నాలుగు వాల్వుల సిలిండర్లే ఉండేవి. దాన్ని తీర్చిదిద్దిన రాయ్ ఫెడ్డెన్ తర్వాత ఈ రకం వాల్వులు వదిలి, సిలిండర్ లోపల జారే గొట్టంతో దారి తెరిచే స్లీవ్ వాల్వుల వైపు మళ్లాడు. అంతటివాళ్లకే పరీక్ష పెట్టిన చోటు ఇది.

ఇక అమరిక. వెనక రెండు ఇన్‌లెట్లు, 26 మి.మీ. ముందు రెండు ఎగ్జాస్ట్‌లు, 22 మి.మీ. ఇన్‌లెట్ కేంద్రాల మధ్య దూరం 30.5, ఎగ్జాస్ట్ కేంద్రాల మధ్య 30. ఎగ్జాస్ట్ సీటు రింగు బయటి కొలత 25 కాబట్టి రెండు రింగుల మధ్య 5 మి.మీ. లోహం మిగులుతుంది. అది తగ్గనివ్వొద్దు. పక్క నుంచి చూస్తే ఇంటి కప్పులా రెండు వాలులు, ఒక్కో వాల్వు జంట నిలువుకు 20 డిగ్రీలు. మధ్యలో 10 మి.మీ. స్పార్క్ ప్లగ్గు, దాన్ని ఎగ్జాస్ట్ వైపు ఒకటిన్నర మి.మీ. జరపండి. లేకపోతే ఇన్‌లెట్ రింగులకూ ప్లగ్గు మరలకూ మధ్య లోహం మిగలదు.

మొదటి హెడ్డులో నేను చేసిన తప్పు ఇక్కడే. రెండు ఎగ్జాస్ట్‌లనూ లోపలే కలిపేసి ఒకే పోర్టుగా (పొగ దారిగా) బయటికి తెచ్చాను, పాత సైలెన్సర్ పైపే సరిపోతుందని. బెంచి మీద నలభై నిమిషాలు నడిచాక ఎడమ ఎగ్జాస్ట్ సీటు వదులైంది. విప్పి చూస్తే రెండు సీట్ల మధ్య సన్నటి నెర్రె. రెండు పోర్టుల వేడీ కలిసి ఆ వంతెన వెనకే కూర్చుంటోంది, గాలి అటు పోయే దారే లేదు.

రెండో హెడ్డులో పోర్టులు విడదీశాను, ఫ్రేములో ఇంజన్ ముందు నుంచి కిందికి దిగే డౌన్ ట్యూబుకు అటొకటి ఇటొకటి. వాటి మధ్య నుంచి 12 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. ఎత్తు సొరంగం ముందు నుంచి లోపలికి వెళ్లి, ప్లగ్గు బాసు (ప్లగ్గు బిగించే మందపు భాగం) చుట్టూ తిరిగి, ఎడమ పక్కకు బయటికి వస్తుంది. కుడి పక్క క్యామ్ నుంచి రాకర్లను తోసే పుష్‌రాడ్లు ఉన్నాయి కాబట్టి అటు దారి లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. బుల్లెట్ ఫ్రేములో ఒకే డౌన్ ట్యూబు సరిగ్గా ఆ సొరంగం నోటికి ఎదురుగా నిలబడుతుంది, దాని వెనక గాలి చచ్చిపోతుంది. అందుకే నోటికి రెండు పక్కలా ఒకటిన్నర మి.మీ. అల్యూమినియం రేకుతో చెవులు కట్టి, ట్యూబు పక్కల నుంచి వచ్చే గాలిని లోపలికి మళ్లించాను. చెవులు లేకుండా, ఉండగా ఒకే రోడ్డు మీద పరీక్షించి చూశాను. వంతెన దగ్గర 20 డిగ్రీల దాకా తేడా వచ్చింది.

రాకర్ల విషయంలో బుల్లెట్ మనకు కలిసొస్తుంది. దాని రాకర్ ఇరుసు అడ్డంగానే ఉంటుంది, మన వాల్వుల జంటా అడ్డంగానే. కాబట్టి ఒకే ఇరుసు మీద వాల్వుల వైపు ఒక వేలుకు బదులు రెండు వేళ్లు పెడితే చాలు, కుడి చివర పుష్‌రాడ్ చేయి మామూలే. ఒక్కో వేలికి వాల్వుతో ఉండే సందు సరిచేసే విడి ట్యాపెట్ స్క్రూ ఉండాలి. నేను మొదట 16 మి.మీ. ఇరుసుతో చేశాను. స్ప్రింగులు బిగించి క్యామ్ తిప్పితే ఎడమ వాల్వు కుడిదానికంటే 0.2 మి.మీ. తక్కువ లేచింది. ఇరుసు మెలి తిరుగుతోందన్నమాట. ఈఎన్-24 ఉక్కుతో 22 మి.మీ. బోలు ఇరుసు చేశాక తేడా 0.05కి దిగింది. ఈ కొలత పరీక్షకు పెట్టే మెత్తటి స్ప్రింగులతో తీసుకుంటే ఏమీ కనిపించదు, అసలు స్ప్రింగులతోనే తీయండి.

లోహం పోయడానికి ముందు పోర్టును టేకు చెక్కతో, కారు బాడీలకు వాడే పుట్టీతో నిజమైన సైజులో చేసి గాలి పరీక్ష పెట్టండి. రెండు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు, నీళ్లు పోసిన యు ఆకారపు ట్యూబు చాలు. అంకెలు ప్రపంచంతో పోల్చుకోవడానికి పనికిరావు కానీ, నిన్నటి పోర్టుకంటే ఇవాళ్టిది మెరుగా కాదా అన్నది చెబుతాయి. నేను మూడు పోర్టులు చేశాను. పెద్దది కాదు, మధ్య సైజుదే గెలిచింది.

ఇసుకలో అచ్చు తీసే నమూనా (ప్యాటర్న్) చేసేటప్పుడు అల్యూమినియం కుంచించుకుపోతుందని గుర్తుంచుకోండి, మీటరుకు 13 మి.మీ. చొప్పున కలపాలి. గాలికి వేడి వదిలే ఫిన్నుల అంచు నేను 2 మి.మీ. గీశాను. మౌల్డింగ్ మేస్త్రి ప్యాటర్న్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "అబ్బాయ్, ఇంత పల్చన పెడితే లోహం అంచుదాకా పారదు, సగంలోనే గడ్డకడుతుంది" అన్నాడు. "మరి ఎంత ఉంచమంటావు బాబాయ్?" అని అడిగితే, మొదట్లో నాలుగున్నర, అంచుకు రెండున్నర అన్నాడు. ఫిన్నుకూ ఫిన్నుకూ మధ్య 9 మి.మీ. దూరం ఉంచి అలాగే చేశాం, ఒక్క ఫిన్ను కూడా తెగలేదు. పోర్టులకూ సొరంగానికీ ఖాళీ మిగిల్చేందుకు సీఓటూ వాయువుతో గట్టిపరిచే ఇసుక కోర్లు వాడాం. సొరంగం కోరు సన్నగా ఉంటుంది కాబట్టి లోపల ఇనుప తీగ పెట్టాలి, లేకపోతే లోహం బరువుకు విరుగుతుంది.

లోహం ఎల్ఎమ్-25 అనే అల్యూమినియం మిశ్రమం. కనీసం మూడు పోయించండి. మొదటిదాన్ని హ్యాక్సా బ్లేడుతో ఎగ్జాస్ట్ వంతెన మీదుగా నిలువునా కోసి చూడండి. నాది కోస్తే సరిగ్గా వంతెన కిందే ఆవగింజంత బొక్కలు. లోహం కుంచించుకునేటప్పుడు లోటు పూడ్చే రైజరును మేస్త్రి అక్కడికి మార్చాక రెండోది శుభ్రంగా వచ్చింది. ముందు రఫ్‌గా మెషినింగ్ చేసి, ఆ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌కు ఇవ్వండి. 535 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు, వేడి నీళ్లలో ముంచడం, ఆపైన 165 డిగ్రీల దగ్గర మరో ఎనిమిది గంటలు. ఆ 165 అంకె మనసులో ఉంచుకోండి, దాంతో మళ్లీ పనుంది.

ఫైనల్ మెషినింగ్‌లో ముందు కింది ముఖం, తర్వాత 20 డిగ్రీల ఫిక్స్‌చరు మీద గైడు రంధ్రం, సీటు గుంట ఒకే బిగింపులో కోయాలి. మధ్యలో పని విప్పితే రెండింటి కేంద్రాలు కలవవు, కలవకపోతే వాల్వు ఎంత గ్రైండింగ్ పేస్టు పెట్టినా సరిగ్గా కూర్చోదు.

సీట్ల దగ్గర తొందరపడొద్దు. ఇనుప సీటుకు 0.10 మి.మీ. బిగువు పెట్టామనుకోండి, అంటే గుంటకంటే రింగు అంత పెద్దది. హెడ్డు 250 డిగ్రీలకు చేరితే 25 మి.మీ. గుంట 0.13 పెరుగుతుంది, ఇనుప రింగు 0.065 మాత్రమే. బిగువులో మిగిలింది 0.035. నా మొదటి సీటు వదులైంది ఇందుకే. అల్యూమినియం బ్రాంజ్ రింగు 0.095 దాకా పెరుగుతుంది కాబట్టి బిగువు 0.065 మిగులుతుంది. ఇప్పుడు ఎగ్జాస్ట్‌కు అదే వాడుతున్నాను. బెరీలియం కాపర్ వాడమని కొందరు చెబుతారు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, షెడ్డులో గ్రైండింగ్ చేసే మనలాంటివాళ్లు దాని జోలికి పోవద్దు.

రింగులు చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. పశువుల కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం స్ట్రాలు దాచే క్యానుల్లో ఉండేది అదే. మా ఊరి దగ్గర ఆ పని చేసే ఆయన్ని అడిగితే ఎక్కడ నింపించుకోవాలో చెప్పారు. గది కిటికీలు తెరిచి, కళ్లద్దాలు, మందపాటి తోలు గ్లవ్స్ వేసుకుని చేయండి. హెడ్డు ఓవెన్‌లో 180 డిగ్రీలకు, రింగు నైట్రోజన్‌లో బుడగలు ఆగేదాకా. అప్పుడు రింగు తనంతట తానే జారుతుంది. అడుగుకు తాకాక ఒక మ్యాండ్రిల్‌తో నొక్కిపట్టి అరవై లెక్కపెట్టండి. సుత్తి అవసరమైందంటే ఎక్కడో తేడా ఉంది, ఆపేయండి. సీటు 45 డిగ్రీలు, ఇన్‌లెట్‌కు వెడల్పు 1.2, ఎగ్జాస్ట్‌కు 1.6. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని వదిలించుకునేది ఎక్కువగా ఆ 1.6 మీదుగానే.

పిస్టన్ మీద వాల్వులు తగలకుండా జేబులు కోశాక ప్లాస్టిసిన్ పెట్టి తిప్పి చూడండి. ఇన్‌లెట్‌కు ఒకటిన్నర, ఎగ్జాస్ట్‌కు రెండు మి.మీ. కంటే తక్కువ ఉండకూడదు. కంప్రెషన్ 8.5 కావాలంటే గది 46 సీసీ ఉండాలి. బ్యూరెట్‌తో కిరోసిన్ పోసి కొలవండి. ప్లగ్గు మధ్యలో ఉన్నందున మంట గదంతా త్వరగా పాకుతుంది, అందుకే ఇగ్నిషన్ అడ్వాన్సు (పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ వేసే కోణం) పాతదానికంటే 6 డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టాను.

స్టార్ట్ చేసే ముందు వంతెనలోకి పక్క నుంచి ఒకటిన్నర మి.మీ. రంధ్రం వేసి వేడి కొలిచే థర్మోకపుల్ తీగ పెట్టండి. ప్లగ్గు వాషరు కింద పెట్టేది ఆలస్యంగా చెబుతుంది. లోహాన్ని గట్టిపరిచింది 165 దగ్గర కదా, అంతకు మించిన వేడిలో గంటల తరబడి ఉంచితే అది మళ్లీ మెత్తబడుతూ పోతుంది. రేసులో ఆ హద్దు దాటకుండా ఉండటం కుదరదు. నేను 220 దగ్గర థ్రాటిల్ వదిలేస్తాను. మొదటి హెడ్డు 260 దాటింది, ఇది గట్టిగా తోలినా 215 దగ్గర నిలుస్తోంది.

మొదటి అరగంట తర్వాత చల్లారనిచ్చి నట్లు మళ్లీ టార్క్ చేయండి, ట్యాపెట్లు కొలిచి పుస్తకంలో రాయండి. ఇన్‌లెట్ ట్యాపెట్ కాస్త మారినా టెన్షన్ పడనక్కర్లేదు. ఎగ్జాస్ట్ సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తుంటే మాత్రం సీటు దిగుతోందని అర్థం, ఆ రోజుకు బండి తీయొద్దు. నా రెండో హెడ్డుకు ఇప్పటికి పదకొండు గంటలు పూర్తయ్యాయి. కుడి ఎగ్జాస్ట్ 0.15 దగ్గరే ఉంది. ఎడమది 0.14కు వచ్చింది, వచ్చే ఆదివారం విప్పి చూడాలి.