మట్టిలో బిగుసుకున్న పోషకాలను వేళ్లతోనే విడిపించడం ఎలా?

నేలలో భాస్వరం ఉన్నా మొక్క మాత్రం భాస్వరం లోపంతో గిడసబారి, ఆకులు ఊదారంగుకు తిరగడం చూస్తుంటాం. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో భాస్వరం కాల్షియంతోనూ, ఆమ్ల నేలలో ఇనుము, అల్యూమినియంతోనూ కలిసి, నీటిలో సరిగా కరగని రూపంలోకి మారిపోవడమే దీనికి ముఖ్య కారణం. ఆ బిగువును సడలించే శక్తి వేళ్లకు ఉంది. అందుకే మరింత ఎరువు చల్లే ముందు, వేళ్లు ఆ పని చేయగలిగే స్థితిలో ఉన్నాయో లేదో చూడాలి.

ఈ శక్తిని కళ్లారా చూడాలంటే, 1860ల ప్రాంతంలో జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ చేసిన ప్రయోగాన్ని ఇంట్లోనే చేయవచ్చు. నున్నగా మెరిసే పాలరాతి పలకను కుండీ అడుగున కాస్త ఏటవాలుగా, మెరుపు వైపు పైకి ఉండేలా అమర్చి, దానిపై బెత్తెడు మందాన కడిగిన ఇసుక పోసి, నాలుగైదు చిక్కుడు గింజలు నాటాలి. గ్రానైటు పలక దీనికి పనికిరాదు. ఇసుక ఆరిపోకుండా తడుపుతూ, కొన్ని వారాల తర్వాత పలకను తీసి కడిగి, వెలుతురుకు వంచి పట్టి చూస్తే, వేళ్లు ఆనుకున్న చోటల్లా మెరుపు పోయి, అవి పాకిన దారి సన్నని గీతలుగా అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. వేళ్ల నుంచి వెలువడిన ఆమ్లం రాతిని కరిగించిన గుర్తులవి.

మట్టిలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరలోనే. వేరు వదిలే సిట్రిక్, మాలిక్ వంటి ఆమ్లాలు కాల్షియాన్ని, ఇనుమును పట్టుకొని భాస్వరాన్ని విడిపిస్తాయి. కుళ్లిన ఆకుల్లో ఇమిడిన భాస్వరాన్ని ఫాస్ఫటేజ్ ఎంజైములు విడదీస్తాయి. ఆ కొద్ది మేర ఖాళీ అయ్యాక కొత్త వేరు కొత్త మట్టిని చేరాలి కనుక, వేళ్ల ఎదుగుదల ఆగకుండా చూడటమే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మట్టి గుల్లగా, పదునుగా ఉండాలి. నీరు నిలిస్తే గాలి అందక వేరు కొసలు చచ్చిపోతాయి.

అమ్మోనియం రూపంలో నత్రజనిని తీసుకునే వేరు తన చుట్టూ ఆమ్లతను పెంచుతుంది కాబట్టి, సున్నపు నేలలో అమ్మోనియం సల్ఫేట్ వేస్తే భాస్వరం కూడా మెరుగ్గా అందుతుంది. ఇప్పటికే ఆమ్లత ఎక్కువగా ఉన్న నేలలో మాత్రం దీన్ని వాడకూడదు. పంట మార్పిడిలో శనగ, కంది ఉంటే ఇంకా మంచిది; ముఖ్యంగా కంది వేళ్లు వదిలే ఆమ్లం ఇనుముతో ముడిపడిన భాస్వరాన్ని సైతం విడిపించగలదు.

వేళ్లకు అందనంత దూరం నుంచి భాస్వరాన్ని మోసుకొచ్చే మైకోరైజా శిలీంద్రాన్ని కూడా కాపాడుకోవాలి. భాస్వరం ఎరువు మితిమీరితే మొక్క దాన్ని చేరనివ్వదు, పదేపదే దున్నితే దాని పోగులు తెగిపోతాయి. ఆవాలు, క్యాబేజీ దీనితో జత కట్టవు కనుక, వాటి తర్వాత మొక్కజొన్న వేయదలిస్తే మధ్యలో ఒక పప్పుజాతి పంటను పండించి, కోతప్పుడు మొక్కను పీకకుండా మొదలుకు కోసి వేళ్లను నేలలోనే వదిలేయాలి.