పాత బెంజ్ ఎస్టేట్: వెనక కుంగితే ఏం చూడాలి, గట్టిపడితే ఏం చూడాలి

మెర్సిడెస్ ఎస్124 ఎస్టేట్ (వెనక పెద్ద డిక్కీ ఉండే కారు) 1985లో వచ్చింది. డిక్కీ నిండా సామాను వేసినా వెనక కుంగకుండా చూసే ఏర్పాటు అన్ని మోడళ్లకూ కంపెనీ నుంచే ఉండేది. ఇంజన్‌తో తిరిగే పంపు ఆయిల్‌ను వెనక స్ట్రట్లలోకి (బండిని ఎత్తిపట్టే సిలిండర్లు) తోస్తుంది. ఎంత తోయాలో లెవల్ వాల్వు చూసుకుంటుంది. ఒక్కో స్ట్రట్‌కు నైట్రోజన్ గ్యాస్ నింపిన స్ఫియర్, అంటే గుండ్రటి డబ్బా, ఒకటి ఉంటుంది, కుదుపును మింగేది అదే. వీటితోపాటు మామూలు కాయిల్ స్ప్రింగులు కూడా బరువు మోస్తాయి. ఈ సంగతే చాలామంది మర్చిపోతారు.

వెనక కుంగింది, ఇంజన్ నడుస్తున్నా లేవట్లేదు

ముందు ఆయిల్ డబ్బా మూత తీసి డిప్‌స్టిక్ చూడండి. స్ట్రట్లు మార్పించినా కుంగుతోందంటూ నా దగ్గరికి వచ్చిన బండ్లలో డిప్‌స్టిక్‌కు చుక్క ఆయిల్ కూడా అంటనివి ఎన్నో. బండి ఖాళీగా ఉన్నప్పుడు, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. సామాను ఉంటే ఆయిల్ స్ట్రట్లలోకి వెళ్లి డబ్బాలో తక్కువ కనిపిస్తుంది. జడ్‌హెచ్-ఎం రకం ఆయిలే పోయండి, బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పోశాక అది ఎక్కడ కారుతోందో వెతకండి: స్ట్రట్ రబ్బరు బూటు, తుప్పుపట్టిన పైపులు, పంపు.

ఆయిల్ సరిపోను ఉంటే, వాల్వు లివర్‌ను రెండు వెనక చక్రాల మధ్య ఉండే యాంటీ రోల్ బార్‌కు కలిపే లింక్ రాడ్డు చూడండి. దాన్ని విప్పి, ఇంజన్ నడుస్తుండగా లివర్‌ను చేత్తో కదపండి. ఒకవైపు కదిపితే బండి లేవాలి, ఇంకోవైపు కదిపితే దిగాలి. చక్రాల మీద బరువు ఉండాలి కాబట్టి ఈ పని గ్యారేజీ గుంతలోనో ర్యాంపు మీదో చేయండి, జాకీ మీద కాదు. బండి హఠాత్తుగా దిగొచ్చు, తల చక్రాల దరిదాపుల్లో పెట్టకండి.

ఎత్తు బాగానే ఉంది, కానీ గుంతల్లో గట్టిగా కొడుతోంది

స్ఫియర్లలో గ్యాస్ పోయిందన్నమాట. డిక్కీ అంచు మీద కూర్చుని ఊగండి. రాయిలా కదలకపోతే రెండూ కలిపి మార్చండి, చాలా బండ్లకు అంతటితో సరిపోతుంది.

స్ఫియర్లు కొత్తవి, అయినా గట్టిగానే ఉంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక బండికి స్ఫియర్లు మార్చి పంపాను. నెల తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఇంకో జత వేశాను, ఫలితం అంతే. బండి సమంగా నిలబడుతోంది కదా అని స్ప్రింగుల వైపు చూడనే లేదు. చివరికి స్ప్రింగు కూర్చునే కింది ఆర్మ్‌కు ఉండే ప్లాస్టిక్ కవరు ఊడదీస్తే బురదతోపాటు వేలెడంత స్ప్రింగు ముక్క చేతిలో పడింది.

జరిగేదిది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే జర్మనీ లాంటి దేశాల్లో, స్ప్రింగు కింది చుట్టు ఆ కవరు లోపల తుప్పుపట్టి విరుగుతుంది. విరిగినవైపు కొంచెం దిగుతుంది. వాల్వు చూసేది యాంటీ రోల్ బార్‌ను, అంటే రెండు చక్రాల సగటును. వెనక భాగం దిగిందనుకుని రెండు స్ట్రట్లలోకీ ఇంకాస్త ఆయిల్ పంపి ఎత్తు సరిచేస్తుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ స్ఫియర్లో నైట్రోజన్ నలిగి చిన్నదవుతుంది, మెత్తదనం పోతుంది. స్ప్రింగు లోపాన్ని హైడ్రాలిక్స్ కప్పేస్తాయి, తిట్లు స్ఫియర్లకు పడతాయి.

అందుకే స్ఫియర్లు కొనకముందే ఆ రెండు కవర్లూ తీసి టార్చి వేసి చూడండి. తర్వాత వాల్వు బ్లీడ్ స్క్రూకు గొట్టం పెట్టి ప్రెషర్ వదలండి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా కొలవండి. తేడా ఉంటే స్ప్రింగును అనుమానించండి.

స్ప్రింగులు జతగానే మార్చండి. పైన ఉండే రబ్బరు ప్యాడ్ల మీద చిన్న బుడిపెలుంటాయి. ఎన్ని ఉంటే ప్యాడ్ అంత మందం. పాతదానికి ఎన్నున్నాయో లెక్కపెట్టుకుని అలాంటిదే వేయండి.

పంపు అరగడం, వాల్వు లోపల లీకవడం కూడా జరుగుతాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.