స్మార్ట్ మీటర్ రేడియేషన్ అని టెన్షన్ పడుతున్నారా? ముందు మెయిన్ ఆపి చూడండి

కొత్త స్మార్ట్ మీటర్, అంటే రీడింగ్‌ను తనంతట తానే, ఎక్కువగా రేడియో తరంగాలతో, పంపే కరెంటు మీటర్ బిగించి వెళ్లాక మొదటి నెల ఇంట్లో ఏం తేడా వచ్చినా వేలు దాని వైపే తిరుగుతుంది. నిద్ర పట్టలేదా, మీటరే. రేడియో గరగరలాడిందా, మీటరే. నేనూ ఆ బాపతే, గోడ మీది డబ్బా వైపు అనుమానంగా చూస్తూ రెండు వారాలు గడిపాను. తర్వాత ఒక్కొక్కటీ విడదీసి చూస్తే కొన్నిటికి మీటర్ నిజంగానే కారణం, చాలా వాటికి కాదు, ఒకటి మాత్రం రేడియేషన్‌తో సంబంధం లేకపోయినా దానికంటే ప్రమాదమైనది. అందుకే ఫిర్యాదు వారీగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక పరీక్ష

మెయిన్ స్విచ్ ఆపండి. మామూలుగా మీటర్ మెయిన్‌కు ముందు, అంటే వీధి లైను వైపు ఉంటుంది. మీరు మెయిన్ ఆపినా దానికి కరెంటు అందుతూనే ఉంటుంది, దాని ప్రసారం అది చేసుకుంటూనే ఉంటుంది. ఆగేవి మీ ఇంట్లో వస్తువులే. మీటర్ డిస్‌ప్లే వెలుగుతూ ఉంటే పరీక్ష సరిగ్గా జరుగుతున్నట్టు. ఇన్వర్టరో యూపీఎస్సో ఉంటే దాన్ని కూడా ఆపాలి, లేకపోతే రూటర్ దాని మీద హాయిగా నడుస్తుంటుంది, పరీక్షకు అర్థం ఉండదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఈ ఇంటిదొంగను మెయిన్ స్విచ్ పట్టిస్తుంది: ఆపగానే గోల తగ్గిందా, కారణం ఇంట్లోనే ఉంది, ఒక్కో ఎంసీబీ (గదుల వారీ బ్రేకర్ స్విచ్) వేసుకుంటూ పోతే ఏ గదిలోనో తెలిసిపోతుంది. తగ్గకపోతే అప్పుడు మీటర్నో పక్కింటినో అనుమానించండి.

"మీటర్ మీద లైటు ఆగకుండా కొట్టుకుంటోంది, కొట్టుకున్నప్పుడల్లా రేడియేషనే కదా?"

కాదు. ఆ ఎర్ర లైటు మీరు వాడుతున్న కరెంటుకు లెక్క. మీటర్ మీద యూనిట్‌కు 1000 అనో 3200 అనో రాసి ఉంటుంది, యూనిట్ కాలేలోపు లైటు అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. 3200 మీటర్ మీద ఒక కిలోవాట్ గీజర్ వేస్తే సుమారు సెకనుకోసారి వెలుగుతుంది. రేడియో ప్రసారానికీ దానికీ సంబంధం లేదు. కిటికీలోంచి ఆ వెలుగు పడకగదిలోకి వచ్చి నిద్ర చెడగొడుతుంటే మాత్రం అది నిజమైన సమస్యే, దానికి మందం కర్టెన్ చాలు.

"డిటెక్టర్ కొని పెడితే 80,000 చూపించింది"

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమందికి గుండె గుభేల్‌మనేది ఇక్కడే.

ముందు ప్రమాణం చూడండి. చవక డిటెక్టర్లు చాలావరకు చదరపు మీటరుకు మైక్రోవాట్లలో చూపిస్తాయి. 80,000 మైక్రోవాట్లంటే 0.08 వాట్. 900 మెగాహెర్ట్జ్ దగ్గర సాధారణ జనానికి ఐక్నర్ప్ అనే అంతర్జాతీయ సంఘం పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 4.5 వాట్లు, అంటే అదే డిటెక్టర్ భాషలో 45 లక్షలు. సంఖ్య పెద్దది గానీ కొలత చిన్నది.

రెండోది, డిటెక్టర్ పట్టుకున్నది ఒక్క క్షణంలోని గరిష్ఠం. పరిమితి మాత్రం సగటు మీద ఉంటుంది, 2020 నాటి మార్గదర్శకాల్లో మొత్తం శరీరానికి 30 నిమిషాల సగటు. మీటర్‌నుంచి మీటర్‌కు కబురు పంపుకునే మెష్ రకం మీటర్ ప్రసార శక్తి సుమారు ఒక వాట్ వరకు ఉంటుంది, అది అన్ని వైపులా సమానంగా వెళ్తుందనుకుంటే ఒక మీటరు దూరంలో సరిగ్గా ఆ 0.08 వాటే వస్తుంది. కానీ అది మాట్లాడేది మిల్లీసెకన్ల తునకల్లో, అన్నీ కలిపినా మామూలుగా రోజుకు కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాలు. ఉదారంగా రోజులో ఒక శాతం, అంటే 14 నిమిషాలు అనుకున్నా సగటు 800 మైక్రోవాట్లు. పరిమితికి ఐదు వేల రెట్లకు పైగా తక్కువ.

అన్ని మీటర్లూ ఒకటి కావు. మొబైల్ సిమ్‌తో పనిచేసేది 4జీ అయితే గరిష్ఠం 0.2 వాట్, 2జీ అయితే 2 వాట్ల దాకా వెళ్తుంది, మీ జేబులో ఫోన్ లాంటిదే. కొన్ని మీటర్లు కరెంటు తీగ మీదుగానే డేటా పంపుతాయి, వాటిలో రేడియోనే ఉండకపోవచ్చు. మీది ఏ రకమో తెలియకుండా టెన్షన్ పడటం దండగ, మోడల్ నంబర్ చూసి కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగండి. నీటి, గ్యాస్ మీటర్లయితే బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాలి, అస్తమానం ప్రసారం చేస్తే ఆ బ్యాటరీ అన్నేళ్లు ఎలా వస్తుంది?

ఫోన్ యాప్‌తో కొలిచినవాళ్లకు ఒక మాట: ఫోన్‌లో ఉన్నది దిక్సూచి సెన్సర్. అది రేడియో తరంగాలను చూడలేదు. భూమి అయస్కాంత క్షేత్రమే 25 నుంచి 65 మైక్రోటెస్లా ఉంటుంది, యాప్ దాన్ని చూపించి కూడా ఎర్రగీత కొడుతుంది.

"మంచం తల దగ్గర గోడకు అవతలే మీటర్ ఉంది"

దీనికి మందు ఉంది, ఖర్చు కూడా లేదు. మంచం జరపండి. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది, 30 సెంటీమీటర్ల నుంచి 3 మీటర్లకు జరిగితే సుమారు వందో వంతు. గది చిన్నదై అంత జరపలేకపోతే తల ఉన్న చోట కాళ్లు వచ్చేలా మంచం తిప్పినా తలకు రెండు మీటర్ల దాకా దూరం దొరుకుతుంది. ఇటుక, కాంక్రీట్ గోడ కొంత అడ్డుకుంటుంది, మీటర్ వెనక ఇనుప పెట్టె ఉంటే ఇంకొంత.

ఇక్కడే ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీటర్ బోర్డు దగ్గర కరెంటు పారడం వల్ల పుట్టే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది పాత మీటర్‌కూ ఉండేది, కొత్తగా వచ్చింది కాదు. దానికి ఐక్నర్ప్ 2010లో పెట్టిన పరిమితి 200 మైక్రోటెస్లా. అయితే సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లా పైన ఉన్న ఇళ్లలో పిల్లల లుకేమియాతో (రక్త క్యాన్సర్) గణాంకపరమైన సంబంధం కనిపించిందని 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ ఈ క్షేత్రాలను '2బి', అంటే 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో పెట్టింది, కారణం అదేనని తేలలేదు. ఇదీ దూరంతో చాలా వేగంగా తగ్గుతుంది, పిల్లల మంచం బోర్డు గోడకు మీటరు దూరంలో ఉంటే చాలు. దూరం జరిగినా గది మొత్తం ఎక్కువ చూపిస్తుంటే వైరింగ్ తప్పు ఉండొచ్చు: ఒక సర్క్యూట్ ఫేజుకు ఇంకో సర్క్యూట్ న్యూట్రల్ వాడేస్తే వెళ్లే కరెంటు ఒక దారిన, వచ్చేది ఇంకో దారిన తిరిగి క్షేత్రం పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి, అది భద్రతకూ అవసరమే.

"మీటర్‌కు ఫాయిల్ చుట్టేస్తే?"

వద్దు. ఎందుకో చెప్తాను. సిమ్ మీటర్‌కు టవర్ సిగ్నల్ సరిగ్గా అందకపోతే అది శక్తి పెంచి అరుస్తుంది, మెష్ మీటర్ కబురు అందలేదని మళ్లీ మళ్లీ పంపుతుంది. యాంటెన్నా ఎక్కువగా మీటర్ ముఖం వైపే ఉంటుంది కాబట్టి ముందు రేకు పెడితే తరంగాలు వెనక్కి, మీ గోడ వైపే మళ్లుతాయి. తగ్గిద్దామని పెట్టినదే పెంచుతుందన్నమాట. పైగా కరెంటు పారే చోట అల్యూమినియం రేకు షాక్‌కు పిలుపు, మీటర్ వేడెక్కుతుంది, సీలు కదిలితే ట్యాంపరింగ్ కేసు. మీటర్‌కు తొడిగే లోహపు జాలీ పెట్టెల సంగతీ ఇంతే.

గదిలోపలి గోడకు షీల్డింగ్ పెయింట్ (తరంగాలను అడ్డుకునే రంగు) వేయొచ్చు కదా అంటారు. పనిచేస్తుంది, కొంతవరకు. కిటికీ, తలుపు సందుల్లోంచి తరంగం దూరుతుంది. అదే గదిలో మీరు ఫోన్ వాడితే ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటూ గట్టిగా అరుస్తుంది, ఆ అరుపు మీ చెవి పక్కన. నా లెక్కలో మంచం జరపడం దీనికంటే మేలు.

స్టిక్కర్లు, లాకెట్ల జోలికి అసలు పోవద్దు. 2021 డిసెంబర్‌లో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ రేడియేషన్ నుంచి కాపాడతాయని అమ్మిన పది వస్తువులను పరీక్షిస్తే అవే రేడియోధార్మిక పదార్థంతో ఉన్నాయని తేలి, వాడొద్దని హెచ్చరించింది. రాత్రీ పగలూ ఒంటికి ఆనుకుని ఉండే నిజమైన అణు రేడియేషన్!

"మీటర్ వచ్చినప్పటి నుంచి తలనొప్పి, నిద్రలేమి"

బాధ నిజమే, ఎవరూ నటించడం లేదు. కానీ 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదేమిటంటే, తరంగం ఉందో లేదో మనిషికీ పరీక్షించేవాడికీ తెలియకుండా చేసిన ప్రయోగాల్లో లక్షణాలు తరంగంతో పాటు రావడం లేదు. 2011లో ఐఏఆర్‌సీ రేడియో తరంగాలనూ '2బి' వర్గంలో పెట్టిన మాట వాస్తవం, దానికి ప్రధాన ఆధారం చెవికి ఆనించి మొబైల్ ఎక్కువగా వాడినవాళ్ల మీది అధ్యయనాలు, గోడ మీది మీటర్ కాదు.

తగ్గించాలనుకుంటే దగ్గరివాటితో మొదలుపెట్టండి. వైఫై రూటర్ ఎవరూ వాడకపోయినా సెకనుకు సుమారు పదిసార్లు 'నేనున్నా' అని చెప్తుంది. పాత డెక్ట్ కార్డ్‌లెస్ ఫోన్ బేస్ కాల్ లేకపోయినా సెకనుకు వందసార్లు. దిండు కింద ఫోన్ గురించి చెప్పనే అక్కర్లేదు. మీటర్‌తో పాటు ఇంట్లో పెట్టుకునే డిస్‌ప్లే ఇచ్చి ఉంటే అది కూడా రేడియోతోనే పనిచేస్తుంది, తలగడ పక్కన బల్ల మీద ఉంటే తీసేయండి. రెండు వారాలు రూటర్‌ను రాత్రిపూట టైమర్‌తో ఆపి, ఫోన్ వేరే గదిలో పెట్టి నిద్ర ఎలా ఉందో రాసుకోండి. అప్పటికీ తలనొప్పి వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, బీపీ, కళ్లు చూపించుకోండి. మీటర్ మీద నెపం పెట్టి నెలలు గడిపేయడమే ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టేది.

"రేడియోలో గరగర, ముట్టుకోకుండానే టచ్ ల్యాంప్ వెలుగుతోంది"

ఇవి మీటర్ వల్ల జరగొచ్చు. తీగ మీదుగా డేటా పంపే మీటర్లు కిలోహెర్ట్జ్ తరంగాలను ఇంటి వైరింగ్‌లోకి కూడా వదులుతాయి, టచ్ ల్యాంప్ దాన్ని వేలి స్పర్శ అనుకుంటుంది. వేరే ప్లగ్‌కు మార్చి చూడండి, ఫిల్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టండి, అప్పటికీ ఆగకపోతే ల్యాంప్ మార్చడం సులువు. స్పీకర్లో 'టిక్-టిక్-బర్ర్' అని వస్తే 2జీ మోడెమ్ లక్షణం, స్పీకర్ తీగను మీటర్ గోడకు దూరంగా లాగండి.

నా రేడియో గరగర మాత్రం మెయిన్ ఆపగానే ఆగిపోయింది. తీరా చూస్తే మీటర్ బిగించిన వారమే నేను మార్చిన ఎల్‌ఈడీ బల్బు. బ్యాటరీ రేడియో పట్టుకుని గది గదికీ తిరిగితే శబ్దం ఎక్కడ పెరుగుతుందో అదే చోటు, ఇంతకంటే మంచి డిటెక్టర్ లేదు.

"మీటర్ దగ్గర బుర్రుమని శబ్దం, కాలిన వాసన"

ఇదే నేను మొదట చెప్పిన ప్రమాదం. మీటర్ మార్చినప్పుడు టెర్మినల్ స్క్రూ సరిగ్గా బిగించకపోతే అక్కడ వేడి పుడుతుంది, కవర్ గోధుమ రంగుకు మారుతుంది, చివరికి మంట. మూత తీయొద్దు, ముట్టుకోవద్దు, మెయిన్ ఆపి వెంటనే కరెంటు ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి. లైట్లు ఒకసారి మసకగా, ఒకసారి మరీ కాంతిగా వెలుగుతుంటే న్యూట్రల్ వదులైందని అనుమానించి ఇదే పని చేయండి.

"బిల్లు పెరిగింది, రేడియేషన్ కరెంటు తాగుతోందా?"

ప్రసారానికి అయ్యే కరెంటు లెక్కలోకి రానంత. కానీ మీటర్ తప్పు చదవొచ్చు. 2017లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం తొమ్మిది ఎలక్ట్రానిక్ మీటర్లను డిమ్మర్ (వెలుగు తగ్గించే స్విచ్) పెట్టిన ఎల్‌ఈడీ, పొదుపు బల్బుల లాంటి లోడ్లతో పరీక్షిస్తే ఐదు ఎక్కువ చూపించాయి, ఒక సందర్భంలో తేడా 582 శాతం. ప్రయోగశాల పరిస్థితులే అనుకోండి. చవక డిమ్మర్ ఉంటే తీసేసి ఒక వారం రీడింగ్ పోల్చండి, తేడా కనిపిస్తే మీటర్ టెస్ట్‌కు రాసి ఇవ్వండి.

"మా గది అపార్ట్‌మెంట్ మీటర్ల గోడకే ఆనుకుని ఉంది"

ఇరవై మీటర్లున్నా అన్నీ ఒకేసారి మాట్లాడవు. పైన వేసిన ఒక శాతం లెక్కనే తీసుకుంటే ఇరవైకి కలిపి సగటు ఒక మీటరు దూరంలో 0.016 వాట్, గోడను లెక్కలోకి తీసుకోకుండానే. అయినా ఆ గోడకు మంచం కాకుండా బీరువా ఆనించండి. ఇనుప బీరువా అయితే ఇంకా మంచిది.

ఇంత చదివాక కూడా "నాకు వద్దే వద్దు" అనిపిస్తే అది మీ ఇష్టం, కొన్ని చోట్ల ఆ హక్కూ ఉంది. రాతపూర్వకంగా మూడు అడగండి: రేడియో లేని మీటర్ గానీ, ప్రసారం ఆపేసే ఏర్పాటు గానీ ఉందా, తీగ మీదుగా డేటా పంపే రకం ఇస్తారా, మీటర్‌ను పడకగది గోడ నుంచి వేరే చోటికి మారుస్తారా. మూడోదానికి చాలాసార్లు ఖర్చు మీమీదే పడుతుంది, కాబట్టి ఎస్టిమేట్ చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.