ఆరుబయట పంజరంలో చిలుక: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

చిలుక తన జబ్బును చేతనైనంత కాలం దాచుకుంటుంది, ఎందుకంటే అడవిలో నీరసంగా కనిపించిన పక్షే ముందుగా వేటాడే జంతువు కంట పడుతుంది. అందువల్ల ఆరుబయట ఉంచిన చిలుకలో తేడా కనిపించేసరికి సమస్య ముదిరి ఉండే అవకాశం ఎక్కువ. పక్షిని పరీక్షించడంతో ఆగకుండా పంజరాన్ని, దాని చుట్టుపక్కలను కూడా అదే రోజు పరిశీలించాలి. వారానికోసారి గ్రాముల త్రాసులో తూచి బరువును రాసిపెట్టుకుంటే, పదో వంతు తగ్గుదల కనిపించిన వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళవచ్చు.

ముక్కు తెరిచి రొప్పుతోంది, రెక్కలను ఒంటికి ఎడంగా పట్టుకుంటోంది

ఇది వడదెబ్బకు సూచన. పక్షులకు చెమట గ్రంథులు లేవు కాబట్టి రొప్పడమే వాటికి ప్రధానమైన ఊరట. ఉదయం నీడలో ఉన్న పంజరం మధ్యాహ్నానికి పూర్తిగా ఎండలోకి రావచ్చు, పైన రేకు ఉంటే లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. పక్షిని వెంటనే చల్లని నీడకు చేర్చి, పాదాలను మామూలు నీటితో తడిపి, ఒంటిపై సన్నని తుంపర చల్లాలి. మంచునీరు మాత్రం వాడకూడదు. తూలుతున్నా, కొమ్మపై నిలవలేకపోతున్నా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. ఆపైన రోజులో వేర్వేరు వేళల్లో నీడ ఎక్కడ పడుతుందో గమనించి పంజరం చోటు మార్చాలి.

రాత్రి రెక్కలు కొట్టుకుంటోంది, తెల్లవారి విరిగిన ఈకలు, రక్తపు మరకలు కనిపిస్తున్నాయి

నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టమని కోరేది ఈ లక్షణం మీదనే. చీకట్లో పిల్లి, ఎలుక, పాము, గుడ్లగూబ వంటివి దగ్గరికి వచ్చినప్పుడు చిలుక బెదిరి జాలీకి కొట్టుకుంటుంది. జాలీని ఆనుకుని నిద్రపోయే పక్షి కాలివేళ్ళను ఇవి బయటినుంచే కొరికివేయగలవు. అందుచేత జాలీని రెండు పొరలుగా, మధ్యలో కొన్ని అంగుళాల ఖాళీ ఉంచి బిగించాలి. 12 మిల్లీమీటర్ల కన్ను పెద్ద ఎలుకను ఆపుతుంది కానీ చుంచెలుకకు, చిన్న పాముకు సందు ఇస్తుంది, కాబట్టి బయటి పొరకు 6 మిల్లీమీటర్ల కన్ను ఉన్నదే మేలు. తవ్వి దూరే జంతువులను ఆపడానికి జాలీని భూమిలోకి కనీసం 30 సెంటీమీటర్లు దించాలి, లేదా నేలను కాంక్రీటు చేయించాలి. నిద్రించే కొమ్మను జాలీకి దూరంగా, మూడు వైపులా గోడ లేదా చెక్క ఉన్న మూలలో అమర్చాలి. మిగిలిన గింజలను సాయంత్రమే తీసివేస్తే ఎలుకల రాక తగ్గుతుంది. మందమైన వెలుగునిచ్చే చిన్న దీపం ఉంటే, బెదిరిన పక్షి తిరిగి కొమ్మను చూసుకోగలుగుతుంది.

పిల్లి పంటి గాటు సూదిమొనంత చిన్నదైనా, అదే రోజు వైద్యునికి చూపించి యాంటీబయాటిక్ ఇప్పించాలి, ఎందుకంటే పిల్లి నోటిలోని బాక్టీరియా పక్షి ప్రాణాన్ని త్వరగా తీయగలదు. పైకి గాయం మానినట్లు కనిపించడాన్ని దయచేసి నమ్మకండి.

కొత్త పంజరంలోకి మార్చాక వాంతులు, నీరసం, అతిదాహం మొదలయ్యాయి

గాల్వనైజ్డ్ జాలీపై ఉండే జింక్ పూతను చిలుక ముక్కుతో గీకి మింగుతుంది, జింక్ విషమై వణుకు, మూర్ఛ వరకు తీసుకువెళ్ళగలదు. పక్షిని వెంటనే వేరే పంజరంలోకి మార్చి, రక్తపరీక్ష చేయించాలి. దీనికి చికిత్స ఉంది, కానీ అది వైద్యుని చేతులలోనే జరగాలి. జాలీని వినెగర్‌తో, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగితే వదులుగా ఉన్న జింక్ చాలావరకు పోతుంది కానీ ప్రమాదం పూర్తిగా తొలగదు. స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ ఖరీదైనదే అయినా, జాలీని నిత్యం కొరికే చిలుకకు దానినే సిఫారసు చేస్తాను.

పగటిపూట కూడా ఈకలు ఉబ్బించి కూర్చుంటోంది, శ్వాసతోపాటు తోక ఊగుతోంది

చలిగాలి నేరుగా తగలడం ఒక కారణం కావచ్చు. అయితే తోక ఊగడం శ్వాస ఇబ్బందికి గుర్తు కనుక దానిని కేవలం చలిగా తీసిపారేయకూడదు. పైకప్పు లేని పంజరంలో అడవిపక్షుల రెట్టలు పడి సిట్టకోసిస్ వంటి వ్యాధులు సోకవచ్చు, ఈ వ్యాధి మనుషులకు కూడా వస్తుంది. పక్షిని వెచ్చని చోట ఇతర పక్షులకు దూరంగా ఉంచి, మాస్కు కట్టుకుని, రెట్టలను తడిపిన తరువాతే శుభ్రం చేసి, వైద్యునికి చూపించాలి. పంజరంపై కురవని కప్పు వేయించాలి.

తలుపు తెరుచుకుని ఉంది

చిలుకలు మామూలు గొళ్ళేన్ని ముక్కుతో తీయడం నేర్చుకుంటాయి. తాళం వేయడమే కాక, ఒక తలుపు మూసిన తరువాతే రెండవది తెరిచేలా చిన్న గది కట్టాలి. ఎగిరిపోతే తిండి, నీరు పెట్టిన పంజరాన్ని అది చివరిసారి కనిపించిన చోట తలుపు తెరిచి ఉంచి, తెల్లవారుజామున, పొద్దుగూకే ముందు తెలిసిన గొంతుతో పిలవాలి.